నా మందుల కింది వరసలో కుక్క

మా అమ్మాయి ఎనిమిదో తరగతిలో ఉండగా ఒక సాయంత్రం కుక్కపిల్లను స్కూలు సంచిలో పెట్టుకొని వచ్చింది. రాయగడ స్టేషన్ వెనక రైల్వే క్వార్టర్ల దగ్గర ఒక కుక్క పిల్లల్ని పెట్టిందట. అన్నిటినీ ఎవరెవరో పట్టుకుపోగా ఇదొక్కటే మిగిలిందట. గోధుమరంగు, ఒక చెవి నిలబడి, ఒకటి వాలిపోయి ఉంది. సంచిలో లెక్కల పుస్తకం తడిసిపోయింది.

నేను ఆ రోజు ఇంట్లోనే ఉన్నాను. అప్పట్లో లారీ నడిపేవాణ్ని. తెరుబలిలో లోడు ఎత్తి విశాఖపట్నం పోర్టులో దించడం, వచ్చేటప్పుడు ఏది దొరికితే అది వేసుకొని రావడం. నెలలో పది రోజులు ఇంటి అన్నం తింటే గొప్ప. నా భార్య మున్సిపాలిటీలో పన్నుల కౌంటరు దగ్గర కాంట్రాక్టు ఉద్యోగి. ఇంటి ఖర్చులు ఆమె చేతిలోనే ఉండేవి. నేను డబ్బు పంపడమే తప్ప అది ఎటు పోతుందో అడిగేవాణ్ని కాదు.

ఆమె కుక్కపిల్లను చూసి అరవలేదు. చీర చెంగు దోపుకొని, "పెంచుకుందువు గాని అమ్మీ. ముందు దీనికి నెలకెంతవుతాదో కాయితం మీద రాసి సూపించు. అంచనా లేకండా మా ఆఫీసులో సీపురుకట్ట కూడా కొనరు" అంది.

మా అమ్మాయి అక్కడే నేల మీద కూర్చొని రాసింది. బియ్యం రెండు వందలు, గుడ్లు నూట ఎనభై, పాలు రెండు వందలు. మొత్తం ఐదు వందల ఎనభై. వాళ్ళమ్మ ఆ కాగితం తీసుకొని కింద ఇంకా నాలుగు వరసలు రాసింది. ఏడాదికి పడే సూదుల ఖర్చులో నెల వాటా నూరు. ఒంటికి పట్టే గోమార్లు రాలడానికి మందు నూట యాభై. కోడి కాళ్ళు, మెడలు మూడు వందలు. చివర "ఏదైనా వస్తే" అని రాసి ఇంకో నూరు వేసింది.

"ఏదైనా అంటే ఏటమ్మా?" అని అడిగింది మా అమ్మాయి.

"ఏదైనా అంటే ఏదైనానే. అదే పెద్ద కర్సు."

మొత్తం పన్నెండు వందల ముప్పై అయింది. పిల్ల ముఖం చిన్నబోయింది. నేను నవ్వి, "ఒక ట్రిప్పు బత్తా. నా లెక్కలో రాసీ" అన్నాను. బత్తా అంటే దారిలో తిండికని లారీ యజమాని ఇచ్చే డబ్బు. అందులో కొంత మిగుల్చుకోవడం నాకు అలవాటే. అంతటితో కుక్క మా ఇంటిది అయింది.

ఆ కాగితంలో లేని ఖర్చులు చాలా వచ్చాయి. ఆఫీసు చెప్పులు రెండు జతలు కొరికేసింది. పక్కింటావిడ ఆరేసిన చీర లాగి చింపితే కొత్తది కొనిచ్చాం. నాలుగో నెలలో వాంతులు, రక్త విరేచనాలు పట్టుకున్నాయి. పశువుల డాక్టరు ఐదు రోజులు సెలైన్ ఎక్కించాడు. మందులు బయట కొన్నాం. నాలుగు వేల పైమాటే అయింది. నేను సాలూరు ఘాటు దిగి టీకి ఆగినప్పుడు ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. బండి దగ్గర నిలబడే డబ్బు పంపించాను. ఎంత అని కూడా రెండోసారి అడగలేదు. నాకు డబ్బు అంటే ఇంకో ట్రిప్పు, అంతే.

రెండేళ్ళు అలా గడిచాయి. తర్వాత నేను పడ్డాను.

అది పెద్ద ప్రమాదమేమీ కాదు. సెమిలిగుడ దగ్గర వాన పట్టుకుంటే లోడు మీదికెక్కి టార్పాలిన్ కడుతున్నాను. తాడు తడిగా ఉంది. చేతిలోంచి జారింది, నేనూ జారాను. కూర్చున్నట్టే నేల మీద పడ్డాను. లేచి నిలబడ్డాను కూడా. బండి ఇంటిదాకా నడుపుకొచ్చాను. మర్నాడు మంచం దిగుతుంటే ఎడమకాలు నేల మీద ఆనిందో లేదో తెలియలేదు.

విశాఖపట్నంలో స్కానింగు తీశారు. వెన్నుపూసల మధ్య డిస్కు జారి నరాన్ని నొక్కుతోందన్నారు. మందులు రాశారు. రోజూ అరగంట నెమ్మదిగా నడవమన్నారు. ఆరు నెలలకు మళ్ళీ స్కాన్ చేసి చూద్దామన్నారు. లారీ సంగతి అడిగితే డాక్టరు నా వైపు చూడకుండా నా భార్య వైపు చూసి, "ఇక ఆ పని వద్దమ్మా" అన్నాడు.

అప్పటినుంచి ఇంటికి ఒక్క జీతమే. పద్నాలుగు వేలు. నెల మొదట్లో నా భార్య వంటింటి గడపలో కూర్చొని కాగితం రాసుకునేది. నేను మంచం మీద నుంచి చూసేవాణ్ని. అద్దె, కరెంటు, బియ్యం, పిల్ల ట్యూషను. ఆ తర్వాత వరసగా నా మందులు, కుక్క. నా మందులు పంతొమ్మిది వందలు. కుక్క పదమూడు వందలు. ఒకదాని కింద ఒకటి. ఆమె కావాలని అలా రాసిందని కాదు. ఇంట్లో ఉండి సంపాదన లేనివాళ్ళం మేమిద్దరమే కాబట్టి అలా వచ్చి ఉంటుంది. లేదా అదీ కాదేమో, చేతికి ఏది ముందు తోస్తే అది రాసి ఉంటుంది. నేను మాత్రం ఆ రెండు వరసలనే చూసేవాణ్ని. ఏ నెల ఏది తగ్గిందో, ఏది పెరిగిందో పోల్చుకునేవాణ్ని.

పగలంతా ఇంట్లో నేనూ, కుక్కా. ఆమె ఆఫీసుకి, పిల్ల స్కూలుకి వెళ్ళాక అది తలుపు దగ్గరికి వచ్చి కూర్చునేది. నడకకి దాన్నే తీసుకుపోయేవాణ్ని. అది ముందుకు లాగేది కాదు. నా కాలు ఎంత మెల్లగా పడితే అంత మెల్లగా నడిచేది. జనం చూసి, "భలే తెలివైంది" అనేవారు. నేను తలూపేవాణ్ని. నిజం చెప్పాలంటే అప్పుడు నాకు దాని మీద ప్రేమా లేదు, విసుగూ లేదు. దేని మీదా ఏమీ లేదు. అన్నం ఉప్పగా ఉందా చప్పగా ఉందా అని అడిగితే ఆలోచించి చెప్పాల్సి వచ్చేది.

వానాకాలం మొదట్లో కుక్క తిండి మానేసింది. గోమార్ల వల్ల వచ్చే జ్వరం అన్నాడు పశువుల డాక్టరు. రక్త పరీక్ష, సూదులు, టానిక్కు. మూడు వేల నాలుగు వందలు. సరిగ్గా ఆ నెలలోనే నా రెండో స్కానింగు ఉంది. నేను పడుకున్నాననుకొని తల్లీ కూతుళ్ళు పెరట్లో మాట్లాడుకుంటున్నారు.

"నాన్న స్కానింగు వచ్చే నెల్లో సేయిద్దుమా?" అంది నా భార్య.

"నాన్నకేటవదు కదా?" అంది పిల్ల.

"ఒక నెలకేటవుతాది. ముందు దీని పేనం నిలబడనీ."

అంతే మాట. అందులో తప్పేమీ లేదు. నేనే అయినా అలాగే చేసేవాణ్ని. కానీ ఆ మాట నాలో ఎక్కడో పడి ఉండిపోయింది. కోపం రాలేదు. ఒక లోడు ఎక్కువైన బండిలోంచి ఏదో ఒకటి దించాలి కదా అన్నట్టు అనిపించింది. నేను దిగలేను. అది దిగుతుంది.

కుక్క కోలుకుంది. పది రోజులాగి సెమిలిగుడలో ఉన్న ధాబా యజమానికి ఫోన్ చేశాను. అతనిది విజయనగరం వైపు. పదిహేనేళ్ళుగా అతని దగ్గర తిన్నాను, అతని నులకమంచం మీద పడుకున్నాను. నన్ను బావా అని పిలుస్తాడు.

"కుక్కే కదా బావా, తెచ్చీ. లారీలోల్లు ఒదిలీసిన అన్నమే ఇక్కడ బోల్డు. దానికి రాజబోగం" అన్నాడు.

ఇంట్లో చెప్పలేదు. తెలిసిన డ్రైవరు ఒకడు ఖాళీ బండితో అటే వెళ్తుంటే, మా వాళ్ళిద్దరూ బయటికెళ్ళాక కుక్కను క్యాబిన్‌లోకి ఎక్కించుకున్నాను. లక్ష్మీపూర్ దాటి కొండదారి ఎక్కాక అది ఒకసారి కక్కింది. గుడ్డతో తుడిచాను. తర్వాత చాలాసేపు కిటికీలోంచి బయటికే చూశాను. ఒక మలుపులో కిందికి చూస్తే, అది నా ఎడమ తొడ మీద తలపెట్టి నిద్రపోతోంది. ఎప్పటినుంచి పడుకుందో తెలియదు. ఆ కాలికి దాని బరువు తెలియలేదు.

ధాబా వెనక నీళ్ళ ట్యాంకు కింద, గొలుసుకి తాడు ముడేసి కట్టేశాను. ఐదు కిలోల బియ్యం, ఐదు వందల రూపాయలు ఇచ్చాను. అతను డబ్బు వద్దన్నాడు, తర్వాత తీసుకున్నాడు. నేను బస్సు ఎక్కేదాకా అది మొరగలేదు. మొరిగి ఉంటే ఏం చేసేవాణ్నో నాకు తెలియదు. బహుశా ఏమీ చేసేవాణ్ని కాదు.

ఇల్లు చేరేసరికి మా అమ్మాయి ట్యూషన్ నుంచి వచ్చి గుమ్మంలో నిలబడి ఉంది. గొలుసు లేదు, గిన్నె ఉంది. చెప్పాను.

పిల్ల ఏడుస్తుందనుకున్నాను. "నెలకెంత మిగుల్తాది నాన్నా?" అని అడిగింది.

"పదమూడొందలు."

"ఓహో" అని లోపలికి వెళ్ళి అన్నం పెట్టుకొని తిన్నది. పళ్ళెం కడిగి పెట్టింది. పుస్తకం తీసింది.

నా భార్య ఆఫీసు నుంచి వచ్చి విన్నాక చాలాసేపు నిలబడే ఉంది. సంచి భుజం మీద నుంచి దించలేదు. "నానడిగేనా నిన్ను? దాన్ని తీసీమని ఎప్పుడైనా అన్నానా?" అంది. నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను. ఆమె మళ్ళీ అడగలేదు.

తర్వాతి నెల కాగితంలో కుక్క వరస లేదు. నా మందుల కింద నేరుగా గ్యాసు వచ్చింది. స్కానింగు చేయించారు. మొదటిసారి ఎలా ఉందో రెండోసారీ అలాగే ఉంది. మిగిలిన పదమూడు వందలు ఒక నెల మిక్సీ బాగుచేయించడానికీ, ఒక నెల ఎవరి పెళ్ళి చదివింపులకో పోయాయి. మిగిలినట్టు ఎవరికీ అనిపించలేదు. ఇంట్లో మాటలు తగ్గాయి. పిల్ల నాతో దెబ్బలాడితే బాగుండేది. అడిగినదానికి జవాబు చెప్పేది, మందులు అందించేది, అంతే. నేను నడకకి వెళ్ళడం మానేశాను.

మధ్యలో రెండుసార్లు ధాబాకి ఫోన్ చేశాను. "బాగున్నాది బావా, బలిసినాది" అన్నాడు. రెండోసారి అతను కాస్త తొందరపడి చెప్పినట్టు అనిపించింది. అడగలేదు.

మూడో నెలలో ఒక సెలవు రోజు మా అమ్మాయి బట్టలు మార్చుకొని వచ్చి నా ముందు నిలబడింది. "ఒకసారి సూసొచ్చెద్దుము నాన్నా. దాన్ని తేను. సూసొచ్చెస్తాను, అంతే." నేను భార్య వైపు చూశాను. ఆమె పర్సులోంచి బస్సు చార్జీలు తీసి పిల్ల చేతికి ఇచ్చింది. నా చేతికి ఇవ్వలేదు.

మమ్మల్ని చూడగానే ధాబా యజమాని ముఖం మారిపోయింది. గల్లా దగ్గర నుంచి లేచి వచ్చాడు.

"ఆరోనాడే తాడు కొరికీసి ఎలిపోనాది బావా. సానా ఎతికేను. నీకెలాగ సెప్పీది? పడిపోయి మంచం పట్టినోడివి అని సెప్పలేకపోనాను."

 నాకు అతని మీద కోపం కూడా రాలేదు. మా అమ్మాయి ఫోన్లో కుక్క ఫొటో తీసి పట్టుకొని అప్పటికే రోడ్డు మీదికి వెళ్ళిపోయింది.

ఆ పిల్ల చదివింది ఒడియా బడిలోనే. టీ బడ్డీల దగ్గర, టైర్లకి పంక్చరు వేసేచోట, బస్సు కండక్టర్ల దగ్గర, ప్రతివాళ్ళకీ ఫొటో చూపించి ఒడియాలో అడుగుతూ పోయింది. నేను కాలు ఈడ్చుకుంటూ వెనకాల. నాకోసం ఆగలేదు. కూరగాయలు అమ్ముకునే ఒక కొండజాతి ఆవిడ ఫొటోలో వాలిన చెవిని వేలితో చూపించి, చేపలమ్మే వరస వైపు చెయ్యి ఊపింది.

అక్కడే ఉంది. తడిసిన గోనెల మధ్య, ఒక చేపలావిడ బల్ల కింద పడుకొని ఉంది. చిక్కిపోయింది. ముందు కాలు మీద బొచ్చు ఊడి మచ్చ పడింది. మా అమ్మాయి పిలవలేదు. రెండడుగుల దూరంలో గొంతుక్కూర్చుంది. కుక్క తలెత్తి కాసేపు చూసింది. లేచి వచ్చి పిల్ల మోకాళ్ళ మధ్య ముఖం దూర్చి, వణుకుతూ, సన్నగా మూలిగింది. అప్పుడు ఏడ్చింది మా అమ్మాయి. మూడు నెలలది ఒకేసారి ఏడ్చింది.

చేపలావిడకి విషయం అర్థమైంది. కాలు నలిగి వచ్చిందనీ, పసుపు పెట్టి కట్టాననీ, చేప తలలు పడేస్తే తింటూ ఇక్కడే ఉండిపోయిందనీ తన భాషలో చెప్పింది. పట్టుకుపొమ్మంది. నేను వంద కాగితం తీయబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

మా అమ్మాయి కళ్ళు తుడుచుకొని నా వైపు చూసింది. "తేనని సెప్పేను కదా. నువ్వే సెప్పు" అంది.

నాకు అప్పుడు కూడా లోపల ఏదో కరిగిపోయిందని చెప్పలేను. కాళ్ళు నొప్పిగా ఉన్నాయి. ఎండ ఉంది. "పద, బస్సుకి టైమవుతోంది. దాన్ని పట్టుకో" అన్నాను.

కండక్టరు ముందు ఎక్కించుకోనన్నాడు. తర్వాత మూడో టిక్కెట్టు తీసుకుంటే వెనక సీట్లో కూర్చోమన్నాడు. తీసుకున్నాను. మనిషికెంతో దానికీ అంతే.

ఇంటికి వచ్చాక కుక్కకి స్నానం చేయించి, గిన్నెలో అన్నం పెట్టి, పిల్ల అలసిపోయి పడుకుంది. నా భార్య వంటింట్లో కూరగాయలు తరుగుతోంది. నేను పీట లాక్కొని ఆమె ఎదురుగా కూర్చున్నాను. ఎందుకో ఆ రోజు చెప్పగలిగాను. "నా మందులు, కుక్క. నువ్వు కాయితంలో ఆ రెండూ ఒకదాని కింద ఒకటి రాస్తావు. ఒకటి కొట్టెయ్యాలంటే రెండోది నాను. అందుకే దాన్ని దించీసేను."

ఆమె కత్తిపీట పక్కకి జరిపింది. "నిన్ను కొట్టెయ్యడమేటి? ఇన్నాల్లూ ఇదా నీ బుర్రలో తిరుగుతున్నాది?" అంది. తడి చేతులు చెంగుకి తుడుచుకొని, "నాకు లెక్క రాయడమే వచ్చు. రాయకపోతే బయమేస్తాది. రాసినప్పుడు నువ్వలాగ సూస్తున్నావని నాకేటి తెలుసు?" అంది.  నేను ఆమె చేతిలోంచి బీరకాయ తీసుకొని చెక్కు తీశాను. అంతకన్నా నాకు ఏమీ తోచలేదు.

ఆ తర్వాతి నెల కాగితం నా చేతికిచ్చి నన్నే రాయమంది. అద్దె నుంచి మొదలుపెట్టి అన్నీ రాశాను. ఎంత సర్దినా రెండు వేలు తక్కువ వచ్చింది. పాత యజమానికి ఫోన్ చేసి, కూర్చొని చేసే పని ఏదైనా ఉందా అని అడిగాను. పడిన దగ్గర నుంచి నాకోసం ఎవరినీ ఏమీ అడగలేదు నేను. తెరుబలి రోడ్డులో అతనికి తెలిసినవాళ్ళ కాటా ఉంది. లారీల బరువు తూచి చీటీ ఇచ్చే చోటు. వారానికి నాలుగు రోజులు అక్కడ కూర్చుంటున్నాను. నెలకు ఆరు వేలు. నా మందులకీ, కుక్కకీ పోగా కొంత మిగులుతోంది. "ఏదైనా వస్తే" అన్న వరసకి ఇప్పుడు నూరు కాదు, ఐదు వందలు వేస్తున్నాం.

కాలు అలాగే ఉంది. ఉప్పు చప్పన ఇప్పుడు అడగకుండానే తెలుస్తున్నాయి గానీ, మిగతావి ఎప్పుడొస్తాయో, వస్తాయో రావో చెప్పలేను. మా అమ్మాయి నాతో మళ్ళీ మాట్లాడుతోంది. మార్కులు తక్కువొస్తే సంతకానికి నా దగ్గరికే వస్తుంది.

కుక్క మాత్రం పిల్ల మంచం కిందే పడుకుంటుంది. నడకకి నేను గొలుసు తీస్తే, ముందు వాళ్ళమ్మ వైపో, పిల్ల వైపో చూస్తుంది. వాళ్ళు పొమ్మంటేనే లేస్తుంది. నాతో నడుస్తుంది, నాకు తగ్గట్టే మెల్లగా నడుస్తుంది. దారిలో ఏదైనా లారీ వచ్చి పక్కన ఆగితే మాత్రం నాలుగు కాళ్ళూ నేలకి తన్నిపెట్టి నిలబడిపోతుంది. అప్పుడు గొలుసు వదులు చేసి, ఆ బండి కదిలి వెళ్ళిపోయేదాకా నేనూ అక్కడే నిలబడతాను.